కర్ర వీణా... కరెంటు వీణా?

పోయిన నెల ఓ ఆదివారం పొద్దున్నే డాలస్ నుంచి మా అక్క ఫోను చేసింది. అక్కడ శనివారం రాత్రన్నమాట.

"ఏమే, పేపర్లో పనిచేస్తున్నావు కదా, నీకు తెలుస్తుంది. మావాడికి పియానో కొనాలి. మామూలుది కొనమంటావా, డిజిటల్ కొనమంటావా?" అంది.

పేపర్లో పనిచేసేవాళ్లకి అన్నీ తెలుస్తాయని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. పాస్‌పోర్టు ఆలస్యమైనా నాకే ఫోను, ఆవకాయ బూజు పట్టినా నాకే ఫోను. తెలీదని చెబితే నమ్మరు. అందుకని "సాయంత్రం చెబుతానక్కా" అని పెట్టేశాను.

అసలు తమాషా ఏమిటంటే, సరిగ్గా ఆ గొడవే అప్పటికి నెల్లాళ్లుగా విజయనగరంలో మా ఇంట్లోనూ నడుస్తోంది. కాకపోతే మాది పియానో కాదు, వీణ.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. కోట దగ్గర ఓ టీచరుగారింటికి వారానికి రెండు రోజులు వీణ క్లాసుకి వెళుతోంది. ఎనిమిది నెలలు వాళ్లింట్లో వీణ మీదే నేర్చుకుంది. "ఇంట్లో వాయిద్యం లేకపోతే పాఠం నిలవదమ్మా. ఇక్కడ నేర్చింది ఇంటికెళ్లేలోపు సగం దారిలో పడిపోతుంది" అన్నారు టీచరుగారు. దాంతో ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. మా ఆయనది ఎలక్ట్రానిక్ వీణ పార్టీ. నాది బొబ్బిలి వీణ పార్టీ. నాన్న పోయాక అమ్మ మాతోనే ఉంటోంది. ఆవిడ ఏ పార్టీయో ఎవరూ అడగలేదు. వీణ నేర్చుకున్న మనిషి కాబట్టి నా పార్టీయే అని నేను లెక్కేసుకున్నాను.

అక్కకి చెప్పిన సలహా

ముందు అక్క సంగతి చూద్దామని కూర్చున్నాను. పియానో అనగానే మనకి గుర్తొచ్చేది పాత సినిమాయే కదా! అక్కినేని సూటు వేసుకుని పియానో ముందు కూర్చుని పాడుతుంటే, హీరోయిన్ మెట్ల మీద నిలబడి కళ్లొత్తుకుంటూ ఉంటుంది. ఆ పెట్టెలో ఏముంటుందో మనకి అక్కర్లేదు. నిజానికి అందులో ఉండేవి తీగలు. మీట నొక్కితే లోపల ఉన్ని చుట్టిన చిన్న సుత్తి లేచి తీగను కొడుతుంది. 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్టోఫోరి అనే ఆయన కనిపెట్టిన ఉపాయం ఇది. ఇప్పటి పియానోకి 88 మీటలు, దాదాపు 230 తీగలు. ఆ తీగలన్నీ కలిసి లాగే బలం పదిహేను, ఇరవై టన్నుల దాకా ఉంటుంది. అందుకే లోపల పోత ఇనుప చట్రం బిగిస్తారు. గోడకి ఆనించి పెట్టుకునే రకం కూడా తేలిగ్గా రెండు వందల కిలోలు తూగుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు మనిషిని పిలిచి శ్రుతి చేయించాలి. గాల్లో తేమ ఎక్కువైతే చెక్క ఉబ్బుతుంది, తీగ తుప్పు పడుతుంది. మన సముద్రపు గాలికి ఇనప గ్రిల్లులే నిలవడం లేదు, ఇక తీగల సంగతి చెప్పాలా?

డిజిటల్ పియానోలో ఈ తంటా ఏదీ లేదు. మంచి పియానో మీద ఒక్కో స్వరాన్నీ మెల్లగా, గట్టిగా రకరకాలుగా వాయించి ముందే రికార్డు చేసి చిప్పులో దాచేస్తారు. మీట కింద ఉండే సెన్సరు మనం ఎంత వేగంగా నొక్కామో చూసి, దానికి తగిన శబ్దాన్ని బయటికి తీస్తుంది. శ్రుతి తప్పదు. హెడ్‌ఫోను పెట్టుకుంటే పక్కింటివాళ్లు తలుపు కొట్టరు. ధర వేలల్లో మొదలవుతుంది. కొత్త అసలు పియానో అయితే లక్షల్లో మాట. అయితే అసలుదాన్ని బాగా చూసుకుంటే మనవల దాకా వస్తుంది. ఎలక్ట్రానిక్ వస్తువుకి ఆ ఆయుష్షు ఉండదు. బోర్డు పోతే, ఆ మోడల్ మార్కెట్లో లేకపోతే అంతే సంగతులు.

సాయంత్రం అక్కకి చెప్పేశాను. "మీది అద్దె అపార్ట్‌మెంటు. బావ ఉద్యోగం ఏ ఊరికి మారుతుందో తెలీదు. డిజిటలే కొను. కానీ బొమ్మలాంటి చిన్న కీబోర్డు వద్దు. 88 మీటలూ ఉండాలి, నొక్కితే అసలు పియానోలాగా బరువు తెలియాలి. తేలిక మీటలకి వేళ్లు అలవాటు పడితే రేపు అసలు పియానో ముందు కూర్చున్నప్పుడు చెయ్యి కదలదు. ఐదేళ్ల తర్వాత వాడు ఇంకా వాయిస్తూ ఉంటే అప్పుడు అసలుదాని సంగతి చూద్దువుగాని."

అక్క సంతోషించింది. నేనూ సంతోషించాను. ఎదుటివాళ్లింటి గొడవ తీర్చడం ఎంత సులువో! మా ఇంటి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇందులో ఒక్క ముక్కా నాకు గుర్తురాలేదు.

పనస చెట్టు, తేనెమైనం

ఎందుకంటే నా దృష్టిలో వీణంటే మా అమ్మ వీణే. బొబ్బిలి పక్కనే ఉన్న గొల్లపల్లిలో చేయించి, తాతయ్య దాన్ని రాయగడ పాసింజర్లో ఒళ్లో పెట్టుకుని విజయనగరం తెచ్చాడట. 1757లో విజయనగరం రాజుగారు ఫ్రెంచి బుస్సీ సేనలతో కలిసి బొబ్బిలి కోట మీదికి వెళ్లిన కథ మన జిల్లాల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. "బొబ్బిలి వీణ విజయనగరం ఇంట్లో మోగితే ఆ పాత పగ కాస్త చల్లారుతుందిలే" అని తాతయ్య నవ్వేవాడు.

బొబ్బిలి వీణ ప్రత్యేకత అది ఏకాండి కావడం. కుండ, దండి అన్నీ విడివిడిగా చేసి అతికించకుండా ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారు. పనస కర్ర తేలిగ్గా ఉంటుంది, నాదాన్ని బాగా పలికిస్తుంది. బొబ్బిలి సంస్థానం రోజుల నుంచి గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరున్న కుటుంబాలు ఈ పని చేస్తున్నాయి. వీణకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాయించే తీగలు నాలుగు, తాళం వేసే పక్క తీగలు మూడు. మెట్లు ఇరవై నాలుగు. ఈ మెట్లను మేకులు కొట్టి బిగించరు. నల్లటి మైనం దిమ్మ మీద కూర్చోబెడతారు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి చేసే దిమ్మ అది. ఏ స్వరం ఎక్కడ పలకాలో చెవితో విని మెట్టును ఆ చోట నిలపడాన్నే మేళం కట్టడం అంటారు. ఎండకి మైనం మెత్తబడినా, ఏళ్లు గడిచి ఎండిపోయినా మెట్టు జరుగుతుంది. మళ్లీ మేళం కట్టించాలి. పియానోకి శ్రుతి చేసే మనిషి ఎంత అవసరమో, వీణకి మేళం కట్టే మనిషీ అంతే అవసరం.

పియానోకీ వీణకీ తేడా కూడా ఇక్కడే ఉంది. పియానో మీద ఒక స్వరం నుంచి పక్క స్వరానికి గెంతాల్సిందే, పాకడానికి వీల్లేదు. హార్మోనియమూ అంతే. పద్యనాటకానికి ప్రాణం పోసిన హార్మోనియాన్ని 1940లో రేడియోవాళ్లు నిషేధించడానికీ, మూడు దశాబ్దాలు గడిచాక గానీ ఆ పట్టు సడలించకపోవడానికీ ఇదొక కారణం. గమకం పలకదని వాళ్ల ఫిర్యాదు. వయొలిన్ కూడా పరాయి దేశం నుంచి వచ్చిందే కదా! అయినా 1919లో విజయనగరం సంగీత కళాశాల మొదలైనప్పుడు, ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాల్‌గా, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ ఆచార్యుడిగా చేరారు. దానికి మెట్లే లేవు కాబట్టి గమకానికి అడ్డు లేదు. వీణకి మెట్లున్నా, తీగను పక్కకి లాగితే ఒకే మెట్టు మీద మూడు నాలుగు స్వరాలు పలికించొచ్చు. లాగే వేలికీ, వినే చెవికీ మధ్య కుదరాల్సిన లెక్క అది.

నెల్లాళ్ల అద్దె లేని అతిథి

ఇక మా ఆయన పార్టీ. ఆయన స్నేహితుడి కూతురు హాస్టలుకి వెళ్లిపోవడంతో వాళ్లింట్లో ఎలక్ట్రానిక్ వీణ ఖాళీగా ఉందట. "నెల్లాళ్లు వాడి చూడండి" అని విశాఖ నుంచి పంపించాడు. చూడ్డానికి సన్నగా ఉంది. అంత పెద్ద కుండ లేదు. మెట్లు బిగించినవే, మైనం లేదు, జరిగే ప్రసక్తే లేదు. బటన్ తిప్పితే శ్రుతి మారుతుంది. తంబుర అందులోనే ఉంది. బెంగళూరులో ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెలు 1970ల చివర్లోనే తయారయ్యాయి. ఇప్పుడు ఏ కచేరీలో చూసినా అవే కదా, దానికి ఎవరూ ముక్కు విరవడం లేదు. వీణ దగ్గరికొచ్చేసరికే మనకి మనసొప్పదు.

మూడు రోజులు మా అమ్మాయి దాన్ని వదల్లేదు. నాలుగో రోజు వచ్చి, "అమ్మా, ఇది తొడ మీద మోగట్లేదే" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. టీచరుగారింట్లో వీణ పట్టుకుంటే సొరకాయ బుర్ర ఎడమ తొడ మీద ఉంటుంది. తీగ మీటినప్పుడల్లా కర్రంతా వణికి ఆ వణుకు ఒంట్లోకి వస్తుంది. దీంట్లో శబ్దం స్పీకరులోంచి వస్తోంది తప్ప ఒళ్లో ఏమీ కదలడం లేదు. తొమ్మిదేళ్ల పిల్ల చెప్పిన ఆ మాటతో నా పార్టీ గెలిచిందనుకున్నాను. వెంటనే మా ఆయన్ని శ్రీకాకుళం పంపి, అక్కడి పాత ఇంట్లో అటక మీదున్న అమ్మ వీణని తెప్పించాను.

పాత నేత చీర విప్పి చూస్తే ప్రాణం ఉసూరుమంది. రెండు తీగలు తెగి ఉన్నాయి. మిగిలినవి ఎర్రగా తుప్పు పట్టాయి. మైనం పెచ్చులుగా రాలింది. బుర్ర పగిలింది. అమ్మ దగ్గరికొచ్చి చూసింది, ఏమీ అనలేదు. చీర మడతపెట్టి లోపలికి తీసుకెళ్లింది.

గొల్లపల్లిలో

మర్నాటి ఆదివారం అందరం బయల్దేరాం. గజపతినగరం, రామభద్రపురం మీదుగా గొల్లపల్లి. మేం వెళ్లిన చోట అరల నిండా బుల్లి వీణలే కనిపించాయి. సన్మానాల్లో శాలువాతోపాటు ఇస్తారే, అవి. వాయించే వీణ మాత్రం ఓ మూల సగం చెక్కి ఒక్కటే ఉంది. షోకేసులో పెట్టుకునేవాళ్లు ఎక్కువై, ఒళ్లో పెట్టుకునేవాళ్లు తక్కువైనట్టున్నారు.

అక్కడున్న పెద్దాయన అమ్మ వీణని నేల మీద పెట్టి, వేలి కణుపుతో కుండ మీద రెండుసార్లు కొట్టి విన్నాడు.

"కర్రకేటీ అవ్వలేదమ్మా. సెయ్యి తగల్లేదు, అందుకే మూగబోనాది. తీగలు మార్సి, మేళం కట్టి, బుర్ర కొత్తది ఎట్టాలి. మూడు వారాలు అవుద్ది" అన్నాడు. ఆయన అడిగిన డబ్బు కొత్త వీణ ఖరీదులో చిన్న వంతే.

నేను కాస్త తటపటాయించి కరెంటు వీణ గురించి అడిగాను. ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"అదీ మంచిదేనమ్మా. నేర్సుకునేటోలు పెరిగితే మాకే కదా లాభం. దాని మీద సెయ్యి తిరిగినోలు ఏదో రోజు దీనికోసం వత్తారు. అసలు నేర్సుకోనోలే మాకు రారు" అన్నాడు.

అమ్మ చెప్పిన మాట

తిరిగి వస్తుంటే కార్లో నేను గెలిచిన ఊపులో ఉన్నాను. "నువ్వే చెప్పమ్మా, ఎంతైనా అసలు వీణ అసలు వీణే కదా?" అన్నాను.

అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, "నన్నడిగితే ఆ కరెంటుదే" అంది.

మా ఆయన ఆశ్చర్యంగా అద్దంలోంచి వెనక్కి చూశాడు. నాకు నోట మాట రాలేదు.

"మీ నాన్నగారింట్లో పదకొండు మందిమే. పొద్దున్న మామయ్యగారి పూజ. మధ్యాహ్నం అత్తయ్యగారు నడుం వాల్చేవారు. సాయంత్రం మీ బాబాయిల చదువులు. రాత్రి అందరూ పడుకునేవారు. వాయించొద్దని నన్ను ఒక్కళ్లూ అనలేదు, ఆ మాట నిజమే. వాయించుకోవడానికి ఎవరికీ అడ్డం కాని వేళే లేకపోయింది. ఓ ఏడాది చూశాను, రెండేళ్లు చూశాను. తర్వాత అటక మీద పెట్టించేశాను. ఆ చెవులకి తగిలించుకునేవి నాకప్పుడు ఉండుంటే..."

అక్కడితో ఆపేసింది. గజపతినగరం వచ్చేదాకా ఎవరం మాట్లాడలేదు.

అమ్మకి వీణ మీద ఇష్టం పోయిందని నేనిన్నాళ్లూ అనుకున్నాను. పెళ్లయి పిల్లలు పుడితే ఆడవాళ్లకి అలా పోతుంది కాబోలు అనుకున్నాను. ఉద్యోగరీత్యా ఎంతమందినో ఇంటర్వ్యూ చేశాను. సంగీతం ఎందుకు మానేశావని మా అమ్మని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

ఆ రాత్రి అక్కకి ఫోను చేసి చెప్పాను. అక్క నాకన్నా మూడేళ్లు పెద్దది. కాసేపు ఊరుకుని, "నాకు కొంచెం గుర్తుందే" అంది. "నేను చాలా చిన్నదాన్ని. అమ్మ తలుపు దగ్గరగా వేసుకుని తీగల కింద తువ్వాలు మడతపెట్టి దోపి వాయించేది. శబ్దం రాకుండా. టిక్కు టిక్కుమని గోరు తగిలిన చప్పుడు మాత్రం వినిపించేది. అదేం ఆటో అనుకునేదాన్ని."

మీరు కొనేముందు

ఈ గొడవలో నేను నేర్చుకున్న నాలుగు ముక్కలు చెబుతాను. పియానో అయినా, వీణ అయినా, హార్మోనియమా కీబోర్డా అని ఊగిసలాడుతున్నా పనికొస్తాయి.

మొదటిది, ఏది గొప్పదని కాదు, మన ఇంట్లో ఏది రోజూ మోగుతుందని అడగాలి. ఇరుకిల్లు, పరీక్షలకి చదివే పిల్లలు, నిద్రపట్టని పెద్దవాళ్లు ఉంటే హెడ్‌ఫోను ఉన్న వాయిద్యమే బతుకుతుంది. అరగంట సాధనకి వేళ దొరకని అసలు వాయిద్యం కన్నా, రోజూ చెయ్యి పడే నకలు వాయిద్యం మేలు.

రెండోది, బాగుచేసే మనిషి ఎంత దూరంలో ఉన్నాడో చూసుకోవాలి. ఆ లెక్కన మన జిల్లాలవాళ్లం అదృష్టవంతులం. వీణ పాడైతే బొబ్బిలి బండెక్కితే చాలు. ఎలక్ట్రానిక్ వస్తువైతే కంపెనీ ఏ ఊళ్లో ఉంది, విడిభాగాలు దొరుకుతాయా అన్నది బిల్లు కట్టకముందే అడగాలి.

మూడోది, నేర్పే టీచరుని అడగకుండా కొనొద్దు. క్లాసులో ఒక కొలత మీద, ఇంట్లో ఇంకో కొలత మీద వాయిస్తే పిల్లల వేళ్లు తికమకపడతాయి. పియానో అయితే మీటల బరువు, వీణ అయితే మెట్ల మధ్య దూరం, తీగ లాగితే ఎంత సాగుతుందన్నది చూసుకోవాలి. శ్రుతి తప్పని వాయిద్యం సుఖమే గానీ, శ్రుతి చేసుకోవడం కూడా చదువులో భాగమే. అది నేర్చుకునే అవకాశం పిల్లలకి ఎక్కడో ఒకచోట ఉండాలి.

నాలుగోది, వీలైతే నెల్లాళ్లు ఎరువు తెచ్చుకుని చూడండి. పిల్లలు ఏదో ఒక రోజు అసలు విషయం చెప్పేస్తారు. వాళ్లతోపాటు ఇంట్లో మాట్లాడకుండా కూర్చున్నవాళ్లని కూడా ఓ మాట అడగండి.

అన్నట్టు, వీణ సిద్ధమై వచ్చేసింది. మా అమ్మాయి సాయంత్రం ఆరింటికి టీవీ కట్టించి మరీ సరళీస్వరాలు వాయిస్తోంది. "తొడ మీద మోగుతోందే" అని మొదటి రోజే ప్రకటించింది. పక్కవాటా వాళ్లు ఇప్పటిదాకా ఏమీ అనలేదు. అంటే అప్పుడు చూద్దాం.

నెల్లాళ్ల గడువు అయిపోగానే కరెంటు వీణ తిరిగి పంపేద్దామని డబ్బాలో సర్దబోతే మా ఆయన వద్దన్నాడు. స్నేహితుడితో మాట్లాడి దాన్ని కొనేశాడట. ఎవరికోసమని నేనడగలేదు, ఆయనా చెప్పలేదు.

మొన్న తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చింది. అమ్మ గదిలో లైటు వెలుగుతోంది. ఒంట్లో బాగోలేదేమోనని కంగారుగా వెళ్లాను. మంచం మీద కాదు, కింద చాప మీద కూర్చుని ఉంది. చెవులకి హెడ్‌ఫోను. కళ్లు మూసుకుంది. ఎడమ చేతి వేళ్లు మెట్ల మీద తడుముకుంటూ ఒకచోట ఆగుతున్నాయి, మళ్లీ వెనక్కి వెళ్లి అక్కడికే వస్తున్నాయి. టిక్కు టిక్కుమని గోటి చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు.

ఏం రాగమో మరి. తలుపు మెల్లగా దగ్గరికి వేసి వచ్చేశాను.